మామ్మ వదిలిన అలసంద వరస

ఈ ఉదయం క్లాంగ్‌లో మా ఫ్లాట్ బాల్కనీ తొట్టిలో అలసందలు పూశాయి. ఒక మొక్క పీకి చూశాను. వేళ్ళ నిండా చిన్న చిన్న బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది.

బాగన్ దాతుక్‌లో నాతో పెరిగినవాళ్లకి గుర్తుందా, మా మామ్మ తోట, ఆ కెబున్? కొబ్బరిచెట్ల పక్కన ఆ కూరగాయల తోటలో వంగ నారు వేసే ముందు ప్రతిసారీ అలసందలు చల్లేది. పువ్వు విచ్చగానే కోసి మట్టిలో కలిపేసేది. నాకు ఏడుపొచ్చేది.

"ఏటే ఆ ఏడుపు? భూమికి పెట్టాల్సిన బలం అది. కాయ కాసినాదంటే ఆ బలమంతా కాయే లాగేసుకుంటాది," అనేది. ఆ బలం పేరు నత్రజని అనీ, ఆ బుడిపెలే దాన్ని గాలిలోంచి పట్టి ఉంచుతాయనీ చాలా ఏళ్ల తర్వాత బళ్ళో చదివాను.

ఒకసారి నా పోరు పడలేక ఒక వరస వదిలేసింది. లేత కాయలు పచ్చివే కరకర నమిలాను. తర్వాత వేసిన వంగమొక్కలు మిగతా వరసల్లో ఏపుగా ఎదిగితే, ఆ ఒక్క వరసలో ఆకులు పాలిపోయి గిడసబారాయి. చూడ్డానికొచ్చినవాళ్లకి మామ్మ, "అది మా మనవరాలు తినేసినాది," అని నవ్వుతూ చూపించేది.

ఇప్పుడు మామ్మ లేదు, ఆ కెబునూ లేదు. కత్తెర తెచ్చి తొట్టిలో అలసందలన్నీ కోసి మట్టిలో కలిపాను. ఒక్క మొక్కైనా వదిలెయ్యమని ఏడ్చేవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు.