మైక్ సెట్ చెవులతో ఫిలింనగర్‌కి

శనివారం రాత్రి నేను రైలుకి బయల్దేరే వేళకి మా ఆయన అటక మీది గొట్టం మైకులు రెండూ దింపి వాకిట్లో పెట్టారు. మా నాన్న కొన్నవి. వాటిలో ఇప్పుడు ఏం మాట్లాడినా బరబరమంటుందే తప్ప మాట తెలియదు. “పాత సామాన్లవాడు వస్తానన్నాడు, ఇచ్చేస్తాను,” అన్నారు. “మీ ఇష్టం,” అని ఆటో ఎక్కాను.

మాది తాడేపల్లిగూడెంలో మైక్ సెట్, టెంట్ హౌస్. నాన్న పెట్టిన షాపు. ఆయన పోయాక నేనూ మా ఆయనా నడుపుతున్నాం. నేను హైదరాబాదు బయల్దేరింది మా చెల్లెలు సుధ కచేరీ వినడానికి. కచేరీ అనవచ్చో లేదో మీరే చెప్పండి, చివరిదాకా చదివాక.

సుధ కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా పాటలకి ట్రాక్ పాడుతుంది. ట్రాక్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. పాట కట్టగానే ముందు ఎవరో ఒకరి చేత పాడించి ఉంచుతారు. తర్వాత పేరున్న గాయని వచ్చి, అది విని నేర్చుకుని పాడుతుంది. ఆవిడ పాట ఉంటుంది, ముందు పాడిన గొంతు చెరిపేస్తారు. మేం ఇంటిల్లిపాదీ సినిమాకి వెళ్ళడం, ‘ఇప్పుడొచ్చే పాట మా సుధదే’ అని పక్క సీటువాళ్ళకి చెప్పడం, తీరా వేరే గొంతు వినపడటం. ఏళ్ళ తరబడి ఇదే వరస. అది నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

పోయిన వారం ఫోన్ చేసింది. “అక్కా, ఒక సంగీత దర్శకుడి ఆఫీసులో నెల జీతం మీద ట్రాక్ పాడే ఉద్యోగం ఇస్తామంటున్నారు. కాకపోతే మా బ్యాండ్ మానెయ్యాలి. సోమవారం పొద్దున్న చెప్పాలి. ఆదివారం మా ప్రోగ్రాం ఉంది, నువ్వొచ్చి ఒక్కసారి విను. మనింట్లో చెవి నీది. నువ్వు మానెయ్యమంటే మానేస్తాను.”

బ్యాండ్ అంటే సుధ, ఒక గిటార్ కుర్రాడు, ఒక డ్రమ్స్ అమ్మాయి. వాళ్ళు చేసేదాన్ని నాయిస్ అంటారట. అంత బరువు తెచ్చి నా నెత్తిన పెట్టిందేమిటా అని దారి పొడుగునా సణుక్కుంటూనే ఉన్నాను.

రైల్లో ఎదుటి బెర్తు ఆయన పూతరేకుల పెట్టెలతో వెళ్తున్నాడు. నన్నడిగాడు, “హైదరాబాదులో ఏం పనండీ?”

“మా చెల్లి కచేరీ ఉందండి.”

“కర్ణాటకమా, లలితమా?”

“గోల అండి.”

“ఓహో, డీజేనా?”

“డీజేలో పాట ఉంటుంది కదండీ. ఇందులో అదీ ఉండదంట.”

ఆయన పూతరేకుల పెట్టెలు దగ్గరికి లాక్కుని పై బెర్తెక్కి పడుకున్నాడు.

తెల్లవారాక సికింద్రాబాదులో దిగాను. స్టేషన్లోనే కాఫీ తాగి ఎంఎంటీఎస్ లోకల్ రైలుకి టిక్కెట్టు తీసుకున్నాను. లింగంపల్లి వైపు వెళ్ళే బండెక్కి బోరబండలో దిగాలి. మీరెవరైనా వెళ్తే ఇదే మార్గం, ఖర్చు కాఫీ అంత కూడా కాదు. ఆదివారం కాబట్టి బండి ఖాళీగా ఉంది. బోరబండలో దిగి, మెట్లెక్కి పైకొస్తే ఆటోలుంటాయి.

“ఏడికి పోవాలె అక్కా?”

“కృష్ణానగర్.”

“సిన్మలల్ల చేస్తరా?”

“లేదు బాబూ, వినడానికొచ్చాను.”

ఆటో అతను వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. “గీడికి అందరు కనవడనీకి వస్తరు. ఇననీకి వచ్చింది నువ్వొక్కదానివే!” సందు మొదట్లో ఆపేసి, “లోపట ఆటో తిరగది, జర నడువుండ్రి,” అన్నాడు.

సుధ గది మూడో అంతస్తులో. కింది గదిలో డాన్సు నేర్చుకునేవాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టేశారు, మా నేల దడదడలాడుతోంది. సుధ నన్ను చూడగానే వాటేసుకుంది. సందు చివర బండి మీద ఇడ్లీ తిన్నాం. నేను రెండు ప్లేట్లు, అది ఒక ఇడ్లీలో సగం. “ఏంటే, ఉపవాసమా?” అంటే మిగతా సగం నా ప్లేట్లో వేసింది.

పదకొండింటికి గిటార్ కుర్రాడి కారొచ్చింది. పేరు నీరజ్. వాళ్ళది జూబ్లీ హిల్స్. డ్రైవరు గేటు దగ్గర హారన్ కొట్టాక లోపలికి వెళ్ళడానికే ఇంకో నిమిషం పట్టేంత ఇల్లు. అబ్బాయి మాత్రం మర్యాదస్థుడు. నన్ను కూర్చోబెట్టి, “సాయంత్రానికి చెవులు అలవాటు పడాలి అక్కా,” అని కంప్యూటర్లో చేసిన ఏదో సంగీతం పెట్టాడు. రాగం లేదు, తాళం లేదు, మాట లేదు. ఎక్కడో గుయ్యిమని మొదలై, టిక్కుటిక్కుమని, మళ్ళీ గుయ్యిమంది. పావుగంట ఓర్చుకున్నాను.

“ఎలా ఉందక్కా?” అన్నాడు.

“మీ ఇన్వర్టరులో నీళ్ళు అయిపోయాయేమో చూడు బాబూ.”

సుధ తల పట్టుకుంది. నీరజ్ పడీ పడీ నవ్వి, “ఈసారి కళ్ళు మూసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వినండి,” అన్నాడు. పెట్టుకున్నాను. నిజమే, అడుగున ఒక దెబ్బ మెల్లగా నడుస్తోంది. పెళ్ళి ఊరేగింపులో పెద్ద బాక్సు పక్కన నించుంటే తెలుస్తుందే, అలా. తెలిసింది కానీ నచ్చలేదు. మధ్యాహ్నం భోజనంలో పప్పుచారు, వంకాయ కూర బాగున్నాయి. ఆ ఇంట్లో మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది అవే.

నాలుగింటికి ఫిలింనగర్ చేరాం. కార్యక్రమం ఒక చిన్న ప్రివ్యూ థియేటర్లో. సినిమా విడుదలకి ముందు నలుగురికీ వేసి చూపించుకునే చోటన్నమాట. ఆదివారం మధ్యాహ్నం కాబట్టి వీళ్ళకి అద్దెకిచ్చారు. అక్కడ సౌండు చూసే ఆయన పేరు యాదగిరి. మేం వెళ్ళేసరికి స్పీకర్లకి బొట్టు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొడుతున్నాడు.

“ఏ బొమ్మ వడ్డా గింతే మేడం. కాయ కొట్టనిది స్విచ్ ఎయ్య,” అన్నాడు. “గీ థియేటర్ల ఇయ్యాల్టి దాంక ఒక్క గురగుర ఇనవడలే.”

మాదీ అదే వృత్తి అని చెప్పాను. ఎర్త్ సరిగ్గా లేకపోతే వచ్చే గుర్రు గురించీ, మైకు ముందు ఊదే పెద్దమనుషుల గురించీ ఇద్దరం చుట్టాల్లా మాట్లాడుకున్నాం. తలుపు దగ్గర ఒకమ్మాయి వచ్చినవాళ్ళందరికీ చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు ఇస్తోంది. మైక్ సెట్ వాళ్ళకి ఇవ్వడమేమిటని నేను తీసుకోలేదు. మీరు వెళ్తే తీసుకోండి. ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా కూడా పట్టుకెళ్ళండి.

ముప్పైమంది దాకా వచ్చారు. రెండో వరసలో కూర్చున్నాను. తెర ముందు డ్రమ్స్, నేల నిండా వైర్లు, సుధ ముందు ఒక మైకు. సుధ కాలి దగ్గర ఒక చిన్న పెట్టె. నొక్కితే మన మాట పట్టుకుని, తిప్పి తిప్పి అదే వినిపిస్తుందట. మొదలుపెట్టారు. అమ్మ బాబోయ్! గిటార్ రేకు కోస్తున్నట్టుంది. డ్రమ్స్ అమ్మాయి ఎవరి మీదో కక్ష తీర్చుకుంటోంది. సుధ పాడటం లేదు. ఊపిరి పీలుస్తోంది, దగ్గుతోంది, పాటకి ముందు గొంతు సవరించుకుంటుందే, అది చేస్తోంది. పంటినొప్పిలా ఉంది నాకు. ‘దీనికి ఏం చెప్పను తల్లీ, హాయిగా జీతం తీసుకో అంటాను’ అని మనసులో తేల్చేసుకున్నాను.

అప్పుడది మైకు పట్టుకుని సరాసరి స్పీకరు బాక్సు ముందుకి నడిచింది.

మా నాన్న మా ఇద్దరికీ అక్షరాల కంటే ముందు నేర్పిన సంగతి, బాక్సుకి ఎదురుగా మైకు పెట్టకూడదని. పెడితే కుయ్యిమంటుంది. పెళ్ళిలో కుయ్యిమంటే పరువు పోతుంది. ఇక్కడా అనుకున్నంత పనీ అయింది, థియేటర్ అదిరేలా కుయ్యిమంది. ఇంకేం, నా ఒళ్ళు నా మాట వింటేనా! కొంగు దోపుకుని, వైర్లు దాటుకుని వెళ్ళి, దాని చేతిలో మైకు లాగేసి, పక్క బల్ల మీద సౌండు పెంచి తగ్గించే మిక్సర్ ఉంటే దాని దగ్గరకి పరుగెత్తాను. నేను ఒక పక్క నుంచి చెయ్యి వేసేసరికి అవతలి పక్క నుంచి ఇంకో చెయ్యొచ్చి అదే మీట పట్టుకుంది. యాదగిరి! వెనక గదిలోంచి ఎప్పుడు పరుగెత్తుకొచ్చాడో. ఇద్దరం కలిసి కిందికి లాగేశాం. టక్కున చప్పుడు ఆగిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు. అదీ ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు.

సుధ నా వంక చూసింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, అవి కోపానివో ఏడుపువో తెలియలేదు. నా చేతిలో మైకు తీసుకుని, మీట పైకి జరిపి, మెల్లగా, “అక్కా, కూచో,” అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చి కూర్చున్నాను. యాదగిరి తన గదికి వెళ్ళకుండా నా పక్కనే కూలబడి, “నా చెయ్యి ఆగలే అక్కా. చప్పుడు తేడా వస్తె గాన్నే పోతది,” అని గొణిగాడు.

అప్పటికే నొక్కి ఉన్న ఆ నేల మీది పెట్టె ఆ మాటని పట్టుకుంది. అక్కా కూచో. అక్కా కూచో. జనం నవ్వారు. సుధ నవ్వలేదు. దాన్ని అలా తిరగనిచ్చి, తన చోటికి వెళ్ళి కాలితో ఏదో నొక్కింది. మాట సాగింది, విరిగింది, చివరి సగం ఊడిపోయింది. ‘అక్కా’ ఒక్కటే మిగిలింది. దాని మీద గిటార్ గరగర, డ్రమ్స్ దెబ్బ. సుధ మళ్ళీ బాక్సు ముందుకి నడిచింది. ఈసారి నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. యాదగిరి తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

చిన్నప్పుడు ఒక తిరనాళ్ళలో సుధ తప్పిపోయింది. ఎలా వచ్చిందో మా మైక్ సెట్ దగ్గరకే వచ్చింది. నాన్న మైకు దాని నోటి దగ్గర పెడితే ‘అక్కా’ అని ఒకటే ఏడుపు. గొట్టం మైకుల్లోంచి బరబరమంటూ ఊరంతా వినపడింది. రంగులరాట్నం దగ్గర నించున్న నేను గుండె జారి పరుగెత్తాను. ఇప్పుడు ఆ థియేటర్లో అదే మాట, అదే గరగరలోంచి వస్తోంది. బాక్సులోంచి మా చెల్లెలి గొంతు వస్తోంది, దాని మీద ఇంకెవరూ పాడటం లేదు. ఏడుపు ఆగలేదు నాకు. యాదగిరి తన రుమాలు ఇచ్చాడు.

ఆరున్నరకి కృష్ణానగర్ తిరిగొచ్చి బండి దగ్గర టీ తాగుతుంటే సుధ అడిగింది. “చెప్పక్కా. దాచకు.”

“సగం నచ్చలేదే. మొదటి అరగంటా దేవుడా అనుకున్నాను. మళ్ళీ వినమంటే ఆలోచిస్తాను.”

దాని ముఖం వాడిపోయింది.

“ఆ ఉద్యోగంలో మాత్రం చేరకు,” అన్నాను. “అక్కడ రోజూ నీ గొంతు చెరిపేస్తారు. ఇక్కడ చెరపబోయింది నేనూ ఆ యాదగిరీ. ఇద్దరికీ బుద్ధొచ్చింది.”

గ్లాసు పక్కన పెట్టి, నడివీధిలో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. టీ బండి ఆయన ఇంకో రెండు టీలు అడక్కుండానే పోశాడు.

సోమవారం పొద్దున్న నా ఎదురుగానే ఆ ఆఫీసుకి ఫోన్ చేసింది. “థాంక్సండీ, నేను చేరటం లేదు,” అంది. అంతే. ట్రాక్ పాటకి పిలిచినప్పుడు వెళ్ళి పాడొస్తుంది, ఆదివారాలు దానివి. ఇల్లు గడుస్తుందా అంటే ఇప్పటిదాకా గడిచినట్టే గడవాలి. నాకు భయం లేదని అబద్ధం చెప్పను.

బోరబండ దాకా వచ్చి బండెక్కించింది. సికింద్రాబాదులో పులిహోర పొట్లం కొనుక్కుని పగటి రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఆ సంగీతం నాకు అర్థమైందా అంటే లేదు. అందరూ వెళ్ళి వినండని కూడా అనను. కానీ మీవాళ్ళెవరైనా అలాంటిది చేస్తుంటే ఒకసారి వెళ్ళండి, వెళ్ళి చేతులు కట్టుకుని కూర్చోండి.

రైలు కదిలాక మా ఆయనకి ఫోన్ చేశాను.

“ఏమంది మన పిల్ల? ఈసారైనా దాని గొంతు వినపడిందా?” అన్నారు.

“వినపడిందండీ. పాత సామాన్లవాడు వచ్చాడా?”

“ఇదిగో, గుమ్మంలోనే ఉన్నాడు. తూకం వేస్తున్నాడు.”

“వాణ్ణి పంపించెయ్యండి. ఆ గొట్టాలు సుధకి కావాలి.”

“దానికెందుకే? అవి ఒట్టి బరబర కదా! పోనీ బాగు చేయించి పంపిద్దామా?”

“తుడవండి చాలు,” అన్నాను. “బాగు మాత్రం చెయ్యకండి.”