ఇరవై ఒకటి నిండేదాకా

మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపిన రోజుల్లో నేను ఉదయగిరిలో సేల్స్‌మన్‌గా పనిచేశాను. బీఎస్సీ చదివి, రెండేళ్లు ఖాళీగా తిరిగి, కాంట్రాక్టు మీద ఆ పనిలో చేరాను. ఎక్కడ పనిచేస్తున్నానో మా నాయన ఎవరికీ విడమరిచి చెప్పేవాడు కాదు. "మావోడు గవర్నమెంటులో చేస్తుండాడు" అని అక్కడితో ఆపేసేవాడు.

దుకాణం ఊరి చివర, ఆత్మకూరు పోయే రోడ్డు పక్కన ఉండేది. ముందంతా ఇనుప జాలీ. జాలీ మధ్యలో మూరెడు వెడల్పు కిటికీ. కిటికీకి ఆనుకుని నిలబడ్డ మనిషి వంగితే తప్ప ముఖం సరిగా కనిపించేది కాదు. చెయ్యి మాత్రం కనిపించేది. చెయ్యి లోపలికి వస్తుంది, సీసా పట్టుకుని వెనక్కి పోతుంది. రోజంతా అంతే.

కిటికీ పైన ఒక బోర్డు ఉండేది. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మబడదు అని. ఏడాదిన్నరలో నేను ఒక్కరినైనా వయసు అడిగిన పాపాన పోలేదు. లేత చేతులు వచ్చినప్పుడు నాకు తెలిసేది. అయినా ఇచ్చేవాణ్ణి. "మనం లేదంటే వెనకోడు కొనిస్తాడు. మధ్యలో మనకెందుకు గొడవ" అనేవాడు మా సూపర్‌వైజర్. నాకూ అదే న్యాయంగా తోచేది.

ఒక వేసవిలో, పదకొండింటికి షట్టర్ ఎత్తేసరికి లైన్లో మొదట ఒక ఆడమనిషి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. వాయిలు చీర, చేతికి గుడ్డసంచి. మా దగ్గరికి ఆడవాళ్లు రాకపోలేదు. ముసలివాళ్లు కొందరు కొంగు చాటున తీసుకుని పోయేవాళ్లు. అలాంటి మనిషేననుకుని ఏం కావాలని అడిగాను.

"నాకు మందొద్దు నాయనా. ఒక కాయితం ఉండాది, చూడు" అంది.

కిటికీలోంచి మడత కాగితం అందించింది. పదో తరగతి మార్కుల లిస్టు జిరాక్స్. మూలన పాస్‌పోర్టు ఫోటో పిన్ను కొట్టి ఉంది. నూనె రాసి పక్కకు దువ్విన తల, పలచటి ముఖం.

"నా కొడుకు. పుట్టిన తేదీ దాంట్లో ఉండాది. వాడికి ఇంకా పంతొమ్మిది నిండలా. ఇరవై ఒకటి లేనోళ్లకు ఇయ్యరని మీ బోర్డులో రాసుండాదంట, మా పక్కింటి పిల్ల చదివి చెప్పింది. వాడికి ఇయ్యబాకండి."

వెనక లైన్లో నవ్వులు. "తాగేదానికి కూడా సర్టిఫికెట్లు చూస్తారా యాడన్నా" అన్నాడు ఒకాయన. ఆమె వెనక్కి తిరగలేదు. జాలీ పట్టుకుని నాతోనే మాట్లాడింది.

"మాది కొండ కింద ఊరు. జీవాలు మేపుకునేవాళ్లం. వాళ్ల నాయన తాగి తాగి రక్తం కక్కుకుని పోయినాడు. ఆయన్ని ఆపేదానికి నా దగ్గర ఏ కాయితమూ లేకపాయ. వీడికి ఉండాది."

సూపర్‌వైజర్ లోపలినుంచి, "సరేలేమ్మా, పెట్టిపో. చూసుకుంటాం" అన్నాడు. ఆమెను పంపించడానికి అన్న మాట అది. కాగితాన్ని కంప్యూటర్ పక్క గోడకు టేపుతో అంటించాను. పారేయడానికి మనసొప్పలేదు, అంతే. అమలు చేద్దామని అప్పటికి అనుకోలేదు.

నాలుగో రోజు సాయంత్రం అతను వచ్చాడు. క్వార్టర్ అడిగి, చిల్లర కోసం వంగినప్పుడు ముఖం చూశాను. గోడ మీది ఫోటో చూశాను. సీసా మీద చెయ్యి ఆగిపోయింది.

"వయసెంత?"

"ఏంది?"

"ఆధార్ చూపియ్యి."

నేను ఎగతాళి చేస్తున్నాననుకుని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, "ముందోణ్ణి అడగలా. నన్నే ఎందుకు అడుగుతుండావన్నా?" అన్నాడు.

"బోర్డు చూడు."

"బోర్డు నిన్న కూడా ఉండింది గదా."

లేదు పొమ్మన్నాను. పోయాడు. తర్వాత పది నిమిషాలకు రోజూ ఒక్కటే తీసుకునే ఒకాయన రెండడిగాడు. రోడ్డవతల చికెన్ కొట్టు పక్కన రెండోది ఎవరి చేతికి పోయిందో జాలీలోంచి చూశాను. సూపర్‌వైజర్ కూడా చూశాడు. "చెప్పినానా లేదా" అన్నాడు.

అయినా నేను మానలేదు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. చదువుకున్న చదువుకూ చేస్తున్న పనికీ సంబంధం లేక రోజూ చిన్నబోతున్నవాడికి, ఒక మనిషి నమ్మి పని అప్పగించడం బాగుందనిపించి ఉంటుంది. అతనొక్కణ్ణే అడిగితే బాగుండదని, లేతగా కనిపించిన వాళ్లందరినీ అడగడం మొదలుపెట్టాను. కొందరు తిట్టుకుంటూ పోయారు. కొందరు మర్నాడు మీసం పెన్సిలుతో దిద్దుకుని వచ్చారు. అతను మాత్రం రెండు రోజులకొకసారి వచ్చి అడిగేవాడు, నేను లేదనేవాణ్ణి, ఎవరో ఒకరు కొనిచ్చేవాళ్లు.

ఒక రోజు ఆధార్ తెచ్చాడు. అందులో ఉన్నది గడ్డం మనిషి, ముప్పైకి దగ్గర్లో ఉన్నవాడు.

"ఇది నీది కాదు."

"నాదే. గడ్డం తీసినా."

ఆ రోజు సంత. లైను రోడ్డు దాకా ఉంది. ఎండకు రేకుల కప్పు కింద ఊపిరాడటం లేదు. వెనకవాళ్లు జాలీని దబదబ కొడుతున్నారు. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చొక్కా పట్టుకున్నాడు.

"ఊళ్లో అందరికీ ఇస్తావు. నామీదే పడినావేంది? నేనేం చేసినా నీకు?"

గొంతు దగ్గర గుండీ తెగింది. నాకు కోపం ఆగలేదు.

"నన్నడగబాకు. పోయి మీ అమ్మనడుగు. ఆమే ఇచ్చిపోయింది నీ కాయితం" అని గోడ మీది జిరాక్స్ పీకి అతని ముఖం ముందు పెట్టాను.

చెయ్యి సడలింది. ఫోటో వైపు చూశాడు. "మా అమ్మా?" అన్నాడు. నేను తల ఊపాను. లైన్లోంచి తప్పుకుని పోయాడు. లైన్లో ఎవరో నన్ను మెచ్చుకున్నారు. చొక్కా సర్దుకుని తర్వాతి మనిషికి సీసా ఇచ్చాను. గెలిచాననే అనిపించింది నాకు, ఆ పూటకి.

తొమ్మిది రోజుల తర్వాత ఆమె వచ్చింది. లైన్లోకి రాలేదు. సరుకు దించే వెనక తలుపు దగ్గర నిలబడింది. ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టు.

"ఆ కాయితం ఉండాదా నాయనా?"

ఉందన్నాను.

"ఒకసారియ్యి. జిరాక్సు తీయించుకుని మళ్లీ ఇచ్చిపోతా. టెన్తుది, ఇంటర్‌ది, అన్నీ పొయ్యిలో పెట్టినాడు. ఇంట్లో ఇంక ఏదీ లేదు."

నా కళ్లు కట్టు మీదికి పోవడం చూసి, నేను అడక్కముందే, "పడినా" అంది. కాగితం తీసుకుని రెండడుగులు వేసి ఆగింది. "నువ్వు చెప్పుండాల్సింది కాదబ్బయా" అంది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. అరగంటలో వచ్చి కాగితం తిరిగిచ్చింది. నేను ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోపు ముందువైపు నుంచి సూపర్‌వైజర్ కేకేశాడు. వెళ్లి దాన్ని మళ్లీ గోడకు అంటించాను.

అతను మా కిటికీకి మళ్లీ రాలేదు. ఇల్లు వదిలి ఆత్మకూరులో ఉంటున్నాడని, అక్కడ వయసు అడిగేవాళ్లు లేరని ఎవరో అన్నారు. నా దగ్గర కొని తాగడం లేదు కదా అనుకున్నాను. ఆ అనుకోవడం నాకు చాలా హాయినిచ్చింది, ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

రెండేళ్లు గడిచాయి. నన్ను ఆత్మకూరు దుకాణానికి మార్చారు. అక్కడ జనం ఎక్కువ. సంగం వైపు నుంచి నాట్ల పనులు ముగించుకుని వచ్చేవాళ్లు, మర్రిపాడు మీదుగా బద్వేలు పోయే లారీలవాళ్లు. గోడకు ఏ కాగితమూ లేదు. నేను ఎవరినీ ఏమీ అడగడం లేదు.

ఒక మధ్యాహ్నం కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది. అందులో ఆధార్ కార్డు. వంగి చూశాను. అతనే. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు నల్లబడి, ఫోటోకూ మనిషికీ పోలిక కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"చూసుకో. ఈసారి నాదే" అన్నాడు.

తేదీ చదవాల్సిన పనిలేదు, నాకు కంఠతా వచ్చు. ఇరవై ఒకటి నిండి పదకొండు రోజులు.

"ఇంటికి పోతుండావా?" అన్నాను.

"పోయి రెండేళ్లయింది. లారీ మీద క్లీనరుగా తిరుగుతుండా. ఇస్తావా, ఇంకేమన్నా కాయితం కావాల్నా?"

సరుకు లేదని చెప్పొచ్చు. వెనక అరల్లో సీసాలు అతనికి కనిపిస్తూనే ఉన్నాయి. స్కాన్ చేసి ఇచ్చాను. "థ్యాంక్సన్నా" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు వచ్చాడు. కొన్ని రోజులు రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నేను అడక్కుండానే కార్డు ముందు పెట్టేవాడు. లోపల పెట్టుకోమన్నాను ఒకసారి. "ఉండనీలే, నీకది చూస్తే గానీ తృప్తుండదు" అన్నాడు. ఒక రోజు కడుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రికి పొమ్మన్నాను. పోతాలే అని సీసా తీసుకున్నాడు. తర్వాత కనిపించలేదు. లారీ ఇంకో రూటుకి మారిందేమో అనుకున్నాను.

దుకాణాలు ప్రైవేటు వాళ్లకు పోయినప్పుడు మా అందరి పని ఒకే రోజు పోయింది. కొన్నాళ్లు ఖాళీగా ఉండి, ఆత్మకూరులోనే పశువుల మందుల షాపులో కుదిరాను. మొన్న వానాకాలం మొదట్లో ఆమె ఆ షాపుకు వచ్చింది. జీవాలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు కావాలంది. ఏళ్లయింది కదా, నన్ను గుర్తుపట్టలేదు. ఎడమ చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి చూసి నేను గుర్తుపట్టాను.

మందు కవర్లో పెట్టి, "అమ్మా, నేను ఉదయగిరి బ్రాందీషాపులో ఉన్నోణ్ణి" అన్నాను.

కాసేపు చూసింది. "కాయితం గోడకు పెట్టినోడివా?"

"అవును. మీవాడు ఎట్టుండాడు?"

"పోయినాడు. పోయిన ఏడు." బెంచీ మీద కూర్చుంది. "బద్వేలు కాడ లారీలోనే పడిపోయినాడంట కడుపునొప్పితో. డ్రైవరు నెల్లూరు తీసకపోయి నాకు ఫోన్ చేసినాడు. తాగి తాగి లోపల క్లోమం చెడిందన్నారు. ఆరు దినాలు ఉండినాడు."

"మాట్లాడినాడా?"

"మూడో దినం కళ్లు తెరిచి నన్ను చూసినాడు. నువ్వెందుకు వొచ్చినావు అన్నాడు. అదొక్కటే మాట. మళ్లీ మాట్లాడలా."

షాపులో ఇంకెవరూ లేరు. నేను అనాల్సింది అన్నాను. "ఆ రోజు నేను కోపంలో మీ పేరు చెప్పకుండా ఉండాల్సింది."

ఆమె కవర్లోంచి డబ్బా తీసి చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"నువ్వు చెప్పినా చెప్పకపోయినా వాడు తాగేవాడే. వాళ్ల నాయనను చూసినదాన్ని, నాకు తెలియదా. కానీ ఇంటికి వొచ్చేవాడు నాయనా. ఎంత తాగినా నా చేతి కూడు తిని నా ఇంట్లో పడుకునేవాడు. నువ్వు చెప్పినాక అది లేకపాయ."

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

లేచి నిలబడి, "దీన్ని ఒక్కోదానికి ఎంత తాపాల?" అని అడిగింది. పెద్ద జీవానికి ఎంతో, పిల్లకు ఎంతో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. చదవడం రాదు కాబట్టి సిరంజీ మీద పెన్నుతో రెండు గీతలు గీసి ఇచ్చాను. ఉదయగిరి బస్సు వచ్చే వేళయిందని గబగబా వెళ్లిపోయింది.

ఆత్మకూరులో ఆ చివరి నాలుగు నెలలూ అతనికి సీసాలు ఇచ్చింది నేనేనని ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి టైముంది. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది, స్టాండు మా షాపుకు ఎదురుగానే. ఆమె అక్కడ నిలబడి ఉన్నంతసేపూ నేను లోపల అరలు సర్దుతూ ఉండిపోయాను.