చువ్వకు గుచ్చిన వార్త

నా చిన్నప్పుడు ఊళ్లో ఏది వార్తో, ఏది కాదో తేల్చేది మా తాతయ్యేనని తెగ గర్వపడేదాన్ని. గోదావరి గట్టు దిగగానే మా కిరాణా కొట్టు. అది చూసుకుంటూనే తాతయ్య ఒక పత్రికకు వార్తలు రాసేవాడు. మధ్యాహ్నం కవరు అంటించి రాజమండ్రి బస్సు కండక్టరు చేతికిస్తే, మర్నాడు పొద్దున్నే అది పేపర్లో నాలుగు వరసలై తిరిగొచ్చేది.

ఆ ఏడు శ్రావణంలో ఎర్రనీరు పోటెత్తింది. పులస చేప ఎదురీదేది ఆ నీటికే. అందుకే ఒడ్డున ఉండాల్సిన రోజుల్లోనే రేవులో వాళ్లు నావలు దింపేవారు. మేం చేపలు ముట్టం. అయినా రేవు నుంచి వచ్చే చేపల పిన్ని మా అరుగు పక్కన గంప దించి కాసేపు ఊపిరి తీసుకునేది. ఆ వరదలో వేటకెళ్లిన ఆమె కొడుకు తిరిగి రాలేదు. దిగువన నావ మాత్రం బోర్లాపడి దొరికింది. ఏటి మధ్య ఏ లంకవాళ్లో వాణ్ణి ఒడ్డుకు లాగి ఉంటారని, పేపర్లో పడితే చూసి కబురు పంపుతారని ఆ తల్లి ఆశ.

తాతయ్య రాసి పంపాడు. పడలేదు. మళ్లీ రాశాడు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి దూరంగా నిలబడేది. తాతయ్య పేజీలన్నీ తిప్పి తల అడ్డంగా ఊపేవాడు. కండక్టరే కవర్లు పారేస్తున్నాడని నేను లోలోపల తిట్టుకునేదాన్ని.

చివరికి తాతయ్య నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రిలో ఆ పత్రిక ఆఫీసుకు వెళ్లాడు. వార్తలు ఎంచే బల్ల దగ్గర బక్కపలచని పెద్దమనిషి తాతయ్యను మర్యాదగా కూర్చోబెట్టి, నాకు బిస్కెట్ ఇచ్చాడు. విషయం విని, ఆ పూట మంత్రిగారి పర్యటన వార్తలకే చోటు చాలడం లేదన్నాడు.

"పడవ మునిగి పదిమంది పోతే మొదటి పేజీలో వేసేవాణ్ణండి. ఒక్కడే కదండీ."

ఆయన బల్ల మీద ఇనప చువ్వకు కాగితాలు గుచ్చి ఉన్నాయి. వాటిలో తాతయ్య చేతిరాత కనిపించింది. మా కొట్టులోనూ అలాంటి చువ్వ ఉంది. పని తీరిన చీటీలు దానికి గుచ్చేవాళ్లం. చేపల పిన్ని పని తీరలేదు కదా అని నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు బస్సులో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తాతయ్య వారించాడు.

"నా దగ్గరకు పది కబుర్లొస్తే నేను పంపేవి రెండు. మిగతావి ఏమయ్యాయని నువ్వెప్పుడైనా అడిగావా తల్లీ? గుమ్మంలో నిలబడ్డవాడికి లోపలి ఇరుకే కనిపిస్తుంది, బయట కాచుకున్నవాళ్లు కాదు."

కొట్టు దగ్గర ఆమె కాచుకుని ఉంది. రేపు పడుతుందని తాతయ్య ఒక్క అబద్ధం చెబితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆయన చెప్పలేదు. ఒక్క మనిషైతే వెయ్యరట అని ఉన్నమాటే మెల్లగా చెప్పాడు. ఆమెకు కోపం రాలేదు.

"ఒక్కడైతే ఎయ్యరాండీ? నాకున్నదే ఒక్కడండి" అని, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ పిల్లవాడు రాలేదు. వాడి వార్తా రాలేదు. తాతయ్య ఆ తర్వాత కూడా కవర్లు పంపాడు గానీ, నాలుగు వరసలు చూపించి మురిసిపోవడం మానేశాడు.

ఇప్పుడు మా ఇంటికి మూడు పేపర్లు వస్తాయి, టీవీ నిండా చానళ్లే. అన్నీ చూశాక కూడా అరుగు పక్కన గంప దించుకుని ఎవరో నిలబడే ఉన్నట్టుంటుంది. పేజీలన్నీ తిప్పి, నేనూ తల అడ్డంగానే ఊపుతాను.