ఊఁ కొట్టే అక్క

ఫోన్ల కంపెనీలో ఆవిడ పనేమిటో వింటే ఎవరికైనా నవ్వొస్తుంది: మాట్లాడుతూ నడవడం. వైఫై అందే గదిలో కాల్ మొదలుపెట్టి, మెట్లు దిగి, గేటు దాటి వీధిలోకి వెళ్లాలి. ఫోను వైఫై వదిలి మొబైల్ సిగ్నల్ అందుకునే ఆ కాస్తలో మాట తెగిందా, నిలిచిందా చెప్పాలి. వాగినందుకు జీతమిచ్చే కంపెనీ ఇంకెక్కడ దొరుకుతుంది! ఆఫీసులో అందరికీ ఆవిడ హలో పిన్ని.

అవతల వినడానికి ఒకరుండాలి కదా. ఆ పని తన అక్కకు అప్పజెప్పింది. గొంతు ఆపరేషనయ్యాక అక్క నోరు విప్పడం మానేసింది. మాట్లాడకపోతేనే గొంతు మొండికేస్తుందని డాక్టరు మొత్తుకున్నా వినదు. ఒకప్పుడు అక్క పాడుతుంటే పక్కింటివాళ్లు రేడియో కట్టేసి వినేవారు. ఇప్పుడు ఎలాంటి గొంతు బయటికొస్తుందోనని బెంగ. అందుకే చిన్నప్పుడు చెల్లెలి కథలకు ఊఁ కొట్టినట్టే ఇప్పుడూ ఊఁ కొడుతుంది. ఆ ఊఁ విన్నప్పుడల్లా పిన్ని ప్రాణం ఉసూరుమంటుంది. అయినా పైకి గలగలా మాట్లాడుతూనే ఉంటుంది.

ఆ రోజు కొత్త సాఫ్ట్‌వేర్ పరీక్ష.

"అక్కా, మెట్లు దిగుతున్నా. మా ఇంజినీరు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ధర చీటీ ఇంకా వీపు మీదే వేలాడుతోంది! వింటున్నావా?"

"ఊఁ."

"గేటు దాటుతున్నా... అమ్మో, లారీ!"

హారన్ మోగడం, వైఫై పోవడం ఒక్కసారే జరిగాయి. ఫోను మొబైల్ సిగ్నల్ అందుకుంది గానీ సగమే. అటు మాట ఇటు వస్తోంది, ఇటు మాట అటు పోవడం లేదు. పిన్నికి అదేం తెలుసు? "నాకేం కాలేదక్కా" అంటూ పక్కకు తప్పుకుంది.

ఊఁ రాలేదు. ఏదో గరగరలాడింది. లైను చప్పుడేమో అనుకుంది.

"ఒసేయ్... చిన్నదానా! పలకవే! ఏమైందే నీకు? ఏదో ఒకటి మాట్లాడవే తల్లీ!"

అది అక్క గొంతేనని పిన్ని పోల్చుకుంది. "ఉన్నానక్కా!" అని ఎంత అరిచినా అటు చేరలేదు. కట్ చేసి మళ్లీ చేయాలి. కానీ ఇన్నాళ్లకు వచ్చిన ఆ గొంతును తన చేత్తో ఎలా కట్ చేస్తుంది? మనసు రాయి చేసుకుని బటన్ నొక్కింది. వెంటనే మళ్లీ చేసింది.

"బతికే ఉన్నావా?"

"నిక్షేపంలా ఉన్నానక్కా. నీ మాట నాకు వినిపిస్తూనే ఉంది, నా మాటే నీకు రాలేదు."



"అయితే నా గొంతు విన్నావన్నమాట. బొంగురుగా ఉంది కదే?"

"బొంగురుగానే ఉంది" అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ. "ఇంకాస్త తిట్టక్కా."