మనిషిని గుర్తుపట్టిన పాదం

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నవాళ్ళు: మంచం మీద మా పెద్దనాన్న, ఆయన కాళ్ళ దగ్గర పెద్దమ్మ, గుమ్మానికి ఆనుకుని వాళ్ళ కొడుకు, అంటే మా అన్న, గోడ పక్కన పీట మీద ఆరో నెల కడుపుతో వదిన, ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఉన్న వస్తువులు: చెక్క పట్టెల నవారు మంచం, స్టీలు గిన్నెలో నూరిన ఆకు ముద్ద, హైదరాబాద్ దవాఖానలో ఇచ్చిన స్కాన్ కవరు, సెకన్ల ముల్లున్న గోడ గడియారం, కరోనా రోజుల్లో కొని అలమరాలో పడేసిన ఆక్సిమీటరు. కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయి గడియారం చప్పుడు పెద్దదయింది.

పెద్దనాన్న ఎడమ పాదాన్ని విడిగా రాయాలి. ఆ ఇంట్లో దాన్ని వేరే మనిషిలాగే చూస్తున్నారు. "ఇప్పుడే పండుకున్నది, మెల్లగ మాట్లాడుండ్రి" అని పెద్దమ్మ అన్నప్పుడు ఆమె మాట్లాడింది పెద్దనాన్న గురించి కాదు. ఆయన మేలుకునే ఉన్నాడు.

షుగరు, బీడీలు కలిసి మోకాలి కింద రక్తనాళాన్ని మూసేశాయి. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. తొడలోంచి ఒక సిర తీసి, మూసుకున్న చోటు దాటేలా రక్తానికి కొత్త దారి వేస్తామని, ఆలస్యమైతే మోకాలి కింద కాలు తీసేయాల్సి వస్తుందని, ఇంకా ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. మర్నాడు పొద్దున చేరాలి. ఈలోగా టేక్మాల్ దిక్కున ఆకు కట్టే ఒకాయన ఈ ఇంటికి వచ్చి వెళ్ళాడు. పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడమన్నాడు. నాడి కొట్టుకుంటుంటే కాలు బతికి ఉన్నట్టే, కత్తి పెట్టనివ్వొద్దన్నాడు.

నాడి కొట్టుకుంటోంది. అందుకని పెద్దనాన్న దవాఖానకు రానంటున్నాడు. నన్ను పిలిచింది అందుకే.

నా ఉద్యోగం రక్తనాళాల జబ్బుల చికిత్సల మీద వచ్చే పరిశోధన పత్రాలు చదివి, ఏది ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడం. మెదక్‌లోనే అద్దె గదిలో కూర్చుని చేస్తాను. రోగులను చూడను. ప్రతి పత్రాన్నీ మొదట మూడు ప్రశ్నలు అడుగుతాను. పోల్చి చూడటానికి ఆ చికిత్స అందని రెండో గుంపు ఉందా? కొలిచినవాళ్ళకు ఎవరు ఏ గుంపో ముందే తెలుసా? మధ్యలో కనపడకుండా పోయినవాళ్ళ సంగతేమిటి?

"నీ కాయితాలల్ల గీ ఆకు గురించి ఏమున్నదిరా?" అన్నాడు పెద్దనాన్న.

"ఏం లేదు పెద్దనాయినా. మంచిదని లేదు, చెడ్డదని లేదు. ఆపరేషన్ గురించి ఉన్నది. అందరికి బాగైతదని లేదు గని, నీ అసొంటోళ్లకు కాలు దక్కె దారి అదే ఎక్కువ."

"ఆకు కట్టించుకున్నోళ్లు మస్తు మంది బాగైండ్రట. వచ్చి ఆయినకు దండం పెట్టి పోతున్నరట."

"బాగుగానోళ్లు?"

ఆయన కాలి కట్టు సర్దుకున్నాడు. "వాళ్లు మళ్ల రాలేదట."

రానివాళ్ళు ఎక్కడున్నారో ఆలోచిస్తున్నట్టు పెద్దమ్మ వాకిలి వైపు చూసింది.

మా ఇళ్ళలో ఎవరు వచ్చినా పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కుతారు. మామూలుగా వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటారు. ఆకు కట్టినాయన మాట తెలిశాక, చూడవచ్చిన చుట్టాలందరూ మొక్కినట్టే వంగి, బొటనవేలితో పాదాన్ని నొక్కి, ఊపిరి బిగబట్టి ఆగుతున్నారు. అందరికీ నాడి దొరికింది. ఎల్దుర్తి నుంచి వచ్చిన మేనత్తకూ దొరికింది, పాలు పోసే ఆమెకూ దొరికింది.

"ఒక్కలెక్క కొట్టుకోదురా అది," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. "నేను పట్టుకుంటె నిమ్మలంగ కొట్టుకుంటది. మీ వదిన పట్టుకుంటె ఉరుకుతది. కడుపుల పిల్ల ఉన్నదని దానికి ఎర్కైంది. మనిషిని గుర్తువడ్తుంది కాలు."

"నన్నయితె మస్తు గుర్తువడ్తది," అన్నాడు అన్న. "చిన్నప్పుడు తన్నిన కాలు గదా, ఇంక మరిచిపోలే."

"నువ్వు మూస్కో," అన్నాడు పెద్దనాన్న.

వదిన మాత్రం నవ్వలేదు. "డాక్టరు పట్టుకున్నప్పుడు కొట్టుకోలేదు తమ్మీ. వేళ్లు గిట్ల మెల్లగ ఆనిచ్చి, లేదన్నడు. కత్తి పెట్టెటోడని దానికి తెల్సుగావచ్చు."

నేను వంగి కట్టు పక్కన బొటనవేలు ఆనించాను. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గిన్నెంత చల్లగా ఉంది. గట్టిగా నొక్కాను. లోపల ఏదో తట్టింది. మళ్ళీ తట్టింది. మూసుకుపోయిన నాళం, స్కాన్‌లో నల్లగా ఆగిపోయిన గీత, నా వేలి కింద చక్కగా కొట్టుకుంటోంది.

గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఎనభై ఎనిమిది. రెండో చేత్తో పెద్దనాన్న మణికట్టు పట్టుకున్నాను. గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకుంటాడు కనుక అక్కడ అరవై రెండు. ఒక ఒంట్లో రెండు నాడులు. ఆ క్షణాన నేను చదివినవన్నీ ఏమయ్యాయో తెలియదు. పెద్దమ్మ చెప్పిందే నిజమనిపించింది. ఆ కాలు ఇప్పుడు నన్ను చూస్తోంది.

తర్వాత, నాడి వేగాన్ని కూడా చూపించే ఆ ఆక్సిమీటరు నా వేలికి పెట్టుకున్నాను. ఎనభై ఎనిమిది.

గట్టిగా నొక్కితే మన బొటనవేలిలోని నాడే మనకు తెలుస్తుంది. డాక్టర్లు వేళ్ళు తేలిగ్గా ఆనించేది అందుకే. కానీ ఈ మాట చెబితే వాళ్ళు నమ్మాల్సిన పని లేదు. ఇంతమందికి చేతికి తెలిసిన దాన్ని నా ఒక్కడి మాట కొట్టేయలేదు. ముందు ఆక్సిమీటరును ఆ కాలివేలికే పెట్టి చూశాను. అంకెలు రాలేదు, అడ్డగీతలే వచ్చాయి.

"ఆకు రసం అంటింది గదరా, దానికేం కనవడ్తది?" అంది పెద్దమ్మ.

ఆ అభ్యంతరం సరైనదే. ఒప్పుకున్నాను.

అందుకని ఒక్కొక్కరినీ పిలిచాను. ఒక చెయ్యి పాదం మీద, రెండో చేతి వేలికి ఆక్సిమీటరు. అంకె కనపడకుండా తువ్వాలు కప్పాను. తట్టినప్పుడల్లా వాళ్ళు పైకి లెక్కపెట్టాలి, నేను గడియారం చూస్తాను. పెద్దమ్మ డెబ్బై నాలుగు లెక్కపెట్టింది. తువ్వాలు తీస్తే డెబ్బై నాలుగు. అన్నకు ఒకటి తేడా. వదిన నూరు దాటింది. తువ్వాలు కిందా నూరు దాటింది. ఆమె చప్పున చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది.

"అంటే మనదే మనకు తగుల్తుందా?" అన్నాడు అన్న.

"ఆగు," అన్నాడు పెద్దనాన్న. "నాది సూడు."

లేచి కూర్చుని, ముందుకు వంగి, తన పాదాన్ని తనే నొక్కి పట్టుకుని లెక్కపెట్టాడు. అరవై రెండు. తువ్వాలు కింద అరవై రెండు.

"ఇప్పుడు చెప్పు. గిది నా వేలుదా, నా కాలుదా?"

ప్రపంచంలో నా పరీక్ష పనిచేయని మనిషి ఆయన ఒక్కడే. ఆయన వేలిలోనూ, కాలిలోనూ ఉన్నది ఒకే గుండె. ఆయన నా మొహం చూసి, గెలిచినవాడిలా కాక, చాలా ఆశగా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఉంటే మర్నాడు కారు ఎక్కడు.

అప్పుడు నా మొదటి ప్రశ్న గుర్తుకొచ్చింది. పోల్చి చూడటానికి రెండో గుంపు ఏది?

"పెద్దనాయినా, అదే వేలు మంచం పట్టె మీద పెట్టు. గట్టిగ ఒత్తు. కండ్లు మూస్కో."

పెట్టాడు. చెక్క నునుపుదేలి నల్లగా ఉంది. గడియారం చప్పుడు వింటూ అందరం ఆయన మొహమే చూస్తున్నాం. మొదట ఏమీ లేదు. తర్వాత కనుబొమలు కదిలాయి. పెదవులు మెల్లగా లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

"కొట్టుకుంటుంది," అన్నాడు.

అన్న వచ్చి పట్టె మీద వేలు పెట్టాడు. పెద్దమ్మ పెట్టింది. ఎవరూ చెయ్యి తీయలేదు. ఎప్పుడో చచ్చిన చెట్టు, ముగ్గురి చేతుల కింద మూడు రకాలుగా కొట్టుకుంటోంది. పెద్దమ్మ మొదట చెయ్యి తీసి చీర కొంగుకు తుడుచుకుంది.

"నన్ను గూడ గుర్తువట్టింది," అంది.

పెద్దనాన్న వేలు తీయలేదు. కళ్ళు తెరిచి పాదాన్ని చూశాడు, వాళ్ళింటికి వచ్చి ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పిన చుట్టాన్ని చూసినట్టు.

"కట్టు ఇప్పుండ్రి," అన్నాడు. "పొద్దుగాల పోదాం."

ఆపరేషన్ జరిగింది. నల్లబడ్డ రెండు వేళ్ళు తీసేశారు, మిగతా కాలు ఉంచారు. ఆయన ఇంటికి వచ్చేసరికి ఆ మంచం గదిలో లేదు. వెనక రేకుల షెడ్డులో గోడకు నిలబెట్టి ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఇప్పటికీ వదిన ఆ షెడ్డులో కట్టెలకు వెళ్తే పట్టె తగలకుండా పక్కకు జరిగి నడుస్తుంది. నేనూ అంతే.

చూడటానికి వెళ్ళినప్పుడు పెద్దనాన్న కొత్త ఇనప మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. మొక్కడానికి వంగాను. ఈసారి నొక్కలేదు. రెండు వేళ్ళ కొసలు ఊరికే ఆనించి, గోడ గడియారం వైపు చూశాను. చర్మం వెచ్చగా ఉంది. ఆక్సిమీటరు నా ఎడమ చేతి వేలికి ఉంది, అందులో తొంభై ఒకటి.

పాదం మీద అరవై మూడు.