కోటమ్మ పక్క తడిసిన మధ్యాహ్నం

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి చాలా చిన్నది. చేతిలోకి తీసుకున్న నీళ్ళచెంబును మళ్ళీ కింద పెట్టేశాను.

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. మా వీధిలో ఎవరికో గాలి సోకిందని వేపమండలతో పరుగెత్తేవాళ్ళను చూసి వెటకారం చేసేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాలు ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒక మధ్యాహ్నం నా కళ్ళ ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం రోజులవి. నరసరావుపేట శివార్లలో, రొంపిచెర్ల దారిలో, దిక్కులేని ముసలివాళ్ళ కోసం కొందరు ఆసాములు చందాలతో నడిపే ఆశ్రమం ఒకటి ఉండేది. ఊళ్ళోవాళ్ళు దాన్ని ముసలోళ్ళ సత్రం అనేవాళ్ళు. సర్కారు నుంచి ఏటా కొంత గ్రాంటు వచ్చేది. అక్కడి వాళ్ళకు తిండీ నీళ్ళూ పడకా సరిగ్గా అందుతున్నాయో లేదో చూసి రాయడం నా ఉద్యోగంలో ఒక పని. నేను బాగుందంటే బాగున్నట్టు.

ఆశ్రమం చూసుకునే వెంకటప్పయ్య నాకు దూరపు చుట్టం, మామయ్య వరస. నేను తనిఖీకి వెళ్ళిన ప్రతిసారీ భోజనం వాళ్ళింట్లోనే. ఇందులో తప్పుందని అప్పుడు నాకు తోచలేదు.

రోహిణి కార్తె. ఆడవాళ్ళ సావడి పైకప్పు నాపరాళ్ళది. పదిగంటలకే ఆ రాళ్ళు కాగి సెగ కిందికి దిగుతోంది. మంచాలు వరసగా వేసి ఉన్నాయి. లేచి తిరగగలిగినవాళ్ళు ఆ సావడిలో ఎవరూ లేరు. ప్రతి మంచానికీ కాళ్ళవైపు ఒక కొత్త కుండ, దానిమీద మూత, మూతమీద చెంబు. మూతలు తీయించి చూశాను. అంచుదాకా నీళ్ళు. చేతికర్రతో పక్కగుడ్డలు ఎత్తి చూశాను. ఒక్కటీ తడిగా లేదు. మంచం పట్టినవాళ్ళ దగ్గర ఉండే వాసన కూడా లేదు. పనిమనిషి సుబ్బులు చేతులు కట్టుకొని నిలబడి ఉంది. అంతమందికీ ఆమె ఒక్కతే.

"బాగా పెట్టావే," అన్నాను ఆమెతో.

నిండుకుండ అంటే ఎవరూ తాగని కుండ అని నాకు తట్టలేదు. కాళ్ళవైపున్న నీళ్ళు లేవలేని మనిషికి అందవని కూడా తట్టలేదు. పొడిగా ఉన్న పక్క చూసి శుభ్రం అనుకున్నాను.

గోడవైపు మంచంలో మస్తాన్‌బీ అనే ముసలమ్మ ఉండేది. భర్త ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసేవాడట. నడుము కిందినుంచి ఆమెకు కదలిక లేదు.

"కుండలు బాగున్నయ్యా సారూ?" అంది. "మేం కూడా పొద్దస్తమానం చూస్తానే ఉంటాం. కళ్ళతో తాగడం నేర్చుకున్నాం."

వెంకటప్పయ్య నవ్వాడు. "ఈమెకు నోరొక్కటే పనిచేస్తది అల్లుడూ. మిగతాదంతా సెలవు పెట్టింది."

నేనూ నవ్వాను.

పక్క మంచం కోటమ్మది. కూలిపని చేసి బతికిన మనిషి. పక్షవాతం వచ్చాక రెండు చేతులూ ముడుచుకుపోయి రొమ్ముకు అంటుకుపోయాయి. పెదవులు పగిలి నల్లగా ఉన్నాయి. నన్ను చూసి, "నోరు తడుపు నాయనా," అంది.

నాకు జాలి కలిగింది. అది అబద్ధం కాదు. నేనే వంగి చెంబు ముంచాను. మనవైపు అలవాటు తెలిసిందే కదా, ఎవరికి ఎవరు నీళ్ళు పోసినా పైనుంచి దోసిట్లో పోయడమే. చెంబు ఎత్తి పట్టుకొని, "దోసిలి పట్టమ్మా," అన్నాను.

"చేతులు రావు నాయనా. నోట్లో పొయ్యి."

నోట్లో పోయాలంటే తల ఎత్తిపట్టాలి. ఆమెది ఏ కులమో నాకు తెలియదు. పెదవుల చివర పుండ్లు, వాటిమీద చొంగ. నేను పొద్దున్నే స్నానం చేసి బయలుదేరాను. ఆమెను తాకితే మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకోనిదే విస్తరి ముందు కూర్చోకూడదు. చెంబు పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

"వేషాలు అల్లుడూ," అన్నాడు వెంకటప్పయ్య. "ఇప్పుడు తాగుద్ది, ఇంకాసేపటికి పక్క తడుపుద్ది. మీ అత్తయ్య వంట చేసి కూసుంది. రా."

"తర్వాత ఈమెకు కాసిని పొయ్యి," అని సుబ్బులుతో అని చెంబు మంచం కింద పెట్టేశాను. కోటమ్మ చూపు చెంబుతోపాటే కిందికి దిగింది. ఆమె గుటక వేసింది. నోట్లో ఏమీ లేకుండా వేసిన గుటక. గొంతులో ఎండిన కట్టెపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది.

బయట బల్లమీదున్న తనిఖీ పుస్తకంలో, పడకలు పొడిగా ఉన్నాయి, మంచినీళ్ళకు లోటు లేదు, సంతృప్తికరం అని రాసి సంతకం చేశాను. మామయ్యగారింట్లో గోంగూరపచ్చడితో, మజ్జిగతో కడుపునిండా తిని, తనిఖీకి వచ్చినప్పుడు నేను బస చేసే బంగళాకు వచ్చి పడక కుర్చీలో వాలాను.

కిటికీ పక్కన ముక్కాలిపీట మీద మట్టికూజా ఉంది. బంగళా కాపలాదారు సైదులు అప్పుడే నింపి, మూతిమీద గ్లాసు బోర్లించి వెళ్ళాడు. కళ్ళు మూతపడుతుండగా గుటక చప్పుడు వినబడింది. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ వినబడింది. ఆవురావురుమని తాగుతున్న మనిషి గొంతు చప్పుడు.

కుక్క దూరిందేమోనని లేచి చూశాను. ఏమీ లేదు. దాహం వేసి కూజా వంచితే రెండు చుక్కలు రాలాయి.

సైదులును పిలిచి తిట్టాను. అతను కూజా ఎత్తి వెలుతురుకు పట్టి, అడుగు తడిమి చూశాడు. పీట పొడిగా ఉంది. కింద బండలు పొడిగా ఉన్నాయి.

"చిల్లు లేదయ్యా. మొన్న సంతలో వాయించి మరీ కొన్నా," అన్నాడు. నా ఎదుటే బావినీళ్ళు తెచ్చి మెడదాకా నింపాడు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

మట్టికూజా నీళ్ళున్నంత మేరా చెమర్చి నల్లగా కనిపిస్తుంది. నీళ్ళు లేనిచోట ఎర్రగా ఉంటుంది. మేం చూస్తుండగా ఆ నల్లటి గీత కిందికి దిగడం మొదలుపెట్టింది. గుటకకు ఒకసారి ఆగి, మళ్ళీ దిగింది. గ్లాసు బోర్లించినట్టే ఉంది. సైదులు నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న సంగతి అతనికి తెలియదనుకుంటాను. గీత అడుగుకు చేరాక, దప్పిక తీరిన మనిషి నోరు తెరిచి వదిలే ఊపిరిలాంటిది ఒకటి వినబడింది.

"ఏందయ్యా అది?" అన్నాడు సైదులు.

రెండోసారి విన్నప్పుడే అది పొద్దున కోటమ్మ గొంతులో విన్న చప్పుడని నాకు గుర్తొచ్చింది. చెప్పులు వేసుకొని ఎండలో ఆశ్రమానికి నడిచాను. సగం దారి పరుగెత్తాను కూడా.

సావడి గుమ్మంలోనే సుబ్బులు గొంతు వినబడింది. "ఎవరే నీకు నీళ్ళు పోసింది? చెప్పవేమే? పొద్దున ఎండలో ఆరేసి తెచ్చిన గుడ్డలు, చూడు ఏం చేశావో." ఒక్కొక్క మాటకూ కోటమ్మ తొడమీద చరుస్తోంది.

కోటమ్మ పక్క తడిసి ముద్దయింది. నులక సందుల్లోంచి నీళ్ళు కింద చుక్కలుగా పడుతున్నాయి. గడ్డం మీద నీళ్ళు, మెడ గుంటలో నీళ్ళు, రొమ్ముమీద చీర తడి. నోరు కొంచెం తెరిచి ఉంది. పగుళ్ళ మధ్య పెదవులు మెత్తబడి ఉన్నాయి. కళ్ళు కదలడం లేదు.

మస్తాన్‌బీ గోడవైపు తిరిగి ఉంది. తిరిగే ఉండి అంది: "కొట్టవే సుబ్బులూ, కొట్టు. ఆమెకిక తగల్దులే."

సుబ్బులు చెయ్యి గాలిలో ఆగిపోయింది. వంగి కోటమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత కింద చతికిలబడి, చరిచిన చేతిని కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయింది.

నేను కుండలన్నీ చూశాను. పొద్దున ఎట్లా ఉన్నాయో అట్లాగే అంచులదాకా ఉన్నాయి. నేను మంచం కింద పెట్టిన చెంబు అక్కడే ఉంది, నిండుగా. పైన ఒక చీమ తేలుతోంది. నేను వెళ్ళాక ఎవరైనా పోశారా అని సుబ్బులును అడిగాను. పోయలేదని ఒట్టు వేసింది. అంత పక్క తడిపే పని తనకు తానెందుకు తెచ్చుకుంటానంది. మస్తాన్‌బీని అడిగాను.

"ఎవరొచ్చి పోస్తారు సారూ? మీరే పోయకపోతిరి," అంది. "గుటకలు మాత్రం ఇన్నా. చానాసేపు తాగింది. నాకు కుళ్ళు పుట్టింది."

వెంకటప్పయ్య వచ్చి చూసి చెమట అన్నాడు. నేను కోటమ్మ నుదుటిమీద చెయ్యి పెట్టాను. పొద్దున తాకడానికి వెనకాడిన చెయ్యే. సెగ కక్కుతున్న ఆ సావడిలో ఆమె ఒళ్ళు బావిలోంచి తోడిన నీళ్ళలాగా చల్లగా ఉంది.

పుస్తకం తెప్పించి నేను రాసింది కొట్టేశాను. నీళ్ళు అందనిచోట పెడుతున్నారని, పక్క తడుపుతారని దప్పికతో మాడుస్తున్నారని, తనిఖీకి వచ్చిన నేనే ఒక మనిషికి ముంచిన నీళ్ళు పోయకుండా కింద పెట్టానని రాశాను.

వెంకటప్పయ్య అది చదివి, "మా ఇంట్లో తిన్న అన్నం ఇంకా అరగలేదు గదరా నీకు," అన్నాడు. మళ్ళీ అల్లుడూ అని నన్ను పిలవలేదు.

అంతమాత్రాన అంతా మారిపోలేదు. సొంత భావాలు నివేదికలో రాయవద్దని పైనుంచి నాకు మందలింపు వచ్చింది. కుండలు మాత్రం కాళ్ళవైపు నుంచి తలవైపుకు మారాయి. పోసే చెయ్యి లేకపోతే తలవైపున్న కుండా ఒకటే, కాళ్ళవైపున్న కుండా ఒకటే.

కోటమ్మకు నీళ్ళు ఎవరు పోశారో నాకు తెలియదు. ఎవరో దయతలిచి పోసి దాచి ఉండవచ్చని నన్ను నేను ఒప్పించుకోవాలని చాలాసార్లు చూశాను. అప్పుడు కూజా సంగతి అడ్డం వస్తుంది. సైదులు కూడా చూశాడు. అతను ఆ నెలలోనే బంగళా కొలువు మానేసి గురజాల వెళ్ళిపోయాడు.

కోటమ్మ పోయాక వచ్చిన ఆదివారం, ఇంట్లోంచి మా పిల్లలకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె తీసుకొని మా ఊరినుంచి బస్సెక్కి ఆశ్రమానికి వెళ్ళాను. పడుకున్నవాళ్ళ తల ఎత్తి కొంచెం కొంచెంగా పోయడానికి దాని మూతి అనువుగా ఉంటుంది. మొదట మస్తాన్‌బీ దగ్గర కూర్చున్నాను. ఆమె నోరు తెరవలేదు.

"అవతలామెకు పొయ్యి ముందు. నాకు నోరుంది, కావాల్నంటే అడుగుతా," అంది. ఆ రోజు అడగలేదు.

సావడంతా పోసేసరికి మొదట తాగినవాళ్ళ పక్కలు తడిశాయి. సుబ్బులు వచ్చి నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడింది. "పుణ్యం నీకు, ఉతుకుడు నాకా అయ్యా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

తడిసిన గుడ్డలు మూటకట్టి బావి దగ్గరికి తీసుకెళ్ళి ఉతికాను. మా అమ్మ ఆ రాత్రి నాకు అరుగుమీదే అన్నం పెట్టింది. మరుసటి ఆదివారం కూడా అరుగుమీదే తిన్నాను. ఆ ప్రాంతం నుంచి బదిలీ అయ్యేదాకా వారం తప్పకుండా వెళ్ళాను. సుబ్బులు నన్ను చూస్తే నవ్వేది కాదు, తిట్టేదీ కాదు. నేను బావి దగ్గర బండమీద కూర్చోగానే ఇంకో మూట తెచ్చి నా ముందు పడేసి, "ఇయ్యి కూడా," అనేది.