వలిచిన పొరలు

గాజువాక బేకరీలో పఫ్‌లు చేసే నూకరాజుకి మోచేతుల దాకా ఎప్పుడూ పిండే. పిండి మీద వనస్పతి పరిచి మడతపెట్టే ముందు బొటనవేలితో నొక్కి చూస్తాడు. సముద్రపు ఉక్కకి వెన్నయితే కారిపోతుంది, వనస్పతి గట్టిగా నిలబడుతుంది. పొరలు లేచేది అందుకే. ఆ డబ్బా మీద రాసింది ఇన్నేళ్లూ అతను చదవలేదు. భార్య పైడమ్మ గుండెకి స్టెంటు వేశాక, డాక్టరు వనస్పతి మాట ఎత్తాక చదివాడు. నూటికి నూరు పాళ్లూ కొవ్వే, అందులో సగం డాక్టరు వద్దన్న రకమే. మాంసకృత్తులు సున్నా. పెళ్లయిన నాటి నుంచీ రోజూ సాయంత్రం బేకరీలో మిగిలిన పఫ్ ఆమెకి తెచ్చిపెట్టింది తనే.

ఆసుపత్రి నుంచి వచ్చాక పైడమ్మకి జావ కూడా దిగడం లేదు. "మావా, ఓ పఫ్ అట్టుకురా. ఇంకేటీ నోటికెక్కట్లేదు" అంటుంది. నిన్న నూనెతో చేసి తెచ్చాడు. ఒక్కసారి కొరికి పక్కన పెట్టేసింది. "ఏటిది మావా, అట్టముక్కా? నన్నెందుకు మోసం సేత్తన్నావ్?"

ఇవాళ మామూలు పఫే తెచ్చి, పొరలన్నీ వలిచి దూరంగా పెట్టి, లోపలి బంగాళదుంప కూర ముద్ద చేసి నోటికందించాడు. "ఇదొక్కటీ తినవే, నీ కాళ్లట్టుకుంటాను" అన్నాడు. ఆమె నోరు తెరవలేదు. అతని చెయ్యి పట్టుకుని, ముంజేతి వెంట్రుకల్లో చిక్కుకున్న పొరల పొట్టుని వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుంది. ఇంకో రేకు కోసం ఆమె వెతుకుతూ ఉంటే, నూకరాజు ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.